కాసులమ్మ ఒంట్లో నా కాపురం

నేను ఒక హిమోగ్లోబిన్ ప్రొటీన్‌ని. పాడేరు కొండల్లో కాఫీ పళ్ళు కోసే గెమ్మెలి గాసన్న ఎముకల గుజ్జులో పుట్టాను. అతను తిన్న చోడి సంకటి, ఉలవలు, ఎండుచేపలు అరిగి అమైనో ఆమ్లాలనే పూసలయ్యాయి. ఆ పూసల్ని వరస తప్పకుండా గుచ్చితే నాలుగు దండలయ్యాయి. అవి వాటంతటవే మడతలు పడి, ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టాయి. ఒక్కో దండ కడుపులో ఒక ఇనుప రవ్వ. అదీ నా రూపం. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎత్తుకుని, కావలసిన చోట దింపడం నా పని. గాసన్నకు నేనున్నట్టే తెలియదు. బస్తా ఎత్తినప్పుడల్లా సత్తువంతా తనదే అనుకునేవాడు.

అతని భార్య కాసులమ్మకు చిన్నప్పట్నుంచీ కీళ్ళ నొప్పులు. వానలో తడిస్తే మంచం పట్టేది. పని ఎగ్గొట్టడానికే ఈ మూలుగులని అత్త సాధించేది. కడుపుతో ఉండగా ఆయాసం ముదిరి ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ సికిల్ సెల్ జబ్బని తేల్చి, నెత్తురు ఎక్కించాలంది. గాసన్నది సరిపోయింది. అలా నేను ఇల్లు మారాను.

అక్కడి ప్రొటీన్లు అచ్చం నాలాగే ఉన్నాయి. రెండు దండల్లో ఆరో పూస మాత్రం వేరు. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది. అంతే తేడా. ప్రాణవాయువును దింపగానే ఆ పూస పక్క ప్రొటీన్‌కి అంటుకునేది. అన్నీ అతుక్కుని తాళ్ళయ్యేవి. గుండ్రటి రక్తకణం కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కునేది. నాకు వాటి మీద కోపం రాలేదు. ఆమె అమ్మానాన్నలిచ్చిన వరసలోనే అవీ గుచ్చుకున్నాయి.

కొన్నాళ్ళు ఆమె తేరుకుంది.

“నా రగతం ఎక్కింది గదా, ఇంక నొప్పి రాదు గదా?” అన్నాడు గాసన్న.

కాసులమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. “నాకొస్తే రానీ. దీనికేటీ కాకుంటే చాలు.”

ముసురు పట్టింది. ఆమెకు జ్వరమొచ్చింది, వెనకే కీళ్ళ నొప్పులు. నేను ప్రాణవాయువును ఎత్తుకుని, కడుపులో బిడ్డను పోషించే మాయ దగ్గరికి పరిగెత్తాను. దారులన్నీ కొడవళ్ళతో మూసుకుపోయాయి. అవతల బిడ్డ ఉంది. ఇవతల, మోసుకొచ్చింది ఇవ్వలేక, నేనున్నాను. కాసేపటికి అవతల కదలిక ఆగిపోయింది.

ఊపిరి లేకుండానే పుట్టింది. ఆడపిల్ల. అత్త ఆ పసికందుకు నీళ్ళు పోసి, తన కొత్త కోకలో చుట్టి గాసన్న చేతుల్లో పెట్టింది. తర్వాత కోడలి కాళ్ళ దగ్గర కూర్చుని మోకాళ్ళు పట్టసాగింది.

“నొప్పంటే నమ్మనేదే అమ్మా,” అంది.

“ఇప్పుడు నొప్పి అక్కడ నేదత్తా,” అంది కాసులమ్మ.

నాకిప్పుడు వయసైపోయింది. ఆమె కాలేయం నన్ను విప్పుతోంది. ఇనుము ఒకవైపు, పూసలు ఒకవైపు. ఏదీ వృథా పోదు, చాలావరకు మళ్ళీ ఆమె ఎముకలకే చేరుతుంది. ఆ ఎముకలకు తెలిసిన వరస ఒక్కటే, ఆరో పూస మారిన వరస. రేపు ఆమెను బాధపెట్టే తాళ్ళలో గాసన్న ఇచ్చిన పూసలూ కొన్ని ఉంటాయి. ఆ సంగతి అతనికి చెప్పేవాళ్ళెవరూ లేరు. నాకున్న ఊరట అదొక్కటే.