ఇమేజ్ ప్రాసెసింగ్ ఎవరికి కావాలి

ఎవరికి కావాలి అని అడిగేటప్పుడే హెచ్‌వోడీ గొంతులో ఎవరికీ అక్కర్లేదులే అన్న ధీమా ఉంది, అలా అడిగితే ఎవరు చెయ్యెత్తుతారు, జ్యోతిర్మయి ఎత్తింది, అంత క్లాసులో తనొక్కతే ఎత్తింది, పక్కనే ఉన్న మాధురి, నిన్నటిదాకా నీ వెంటే నేనూ అన్న మనిషి, బల్ల కింద చేతులు దాచుకుని పెన్ను మూత నములుతూ కూర్చుంది, సిగ్గులేని మొహం, ఇప్పుడు కాలేజీ బస్సులో కిటికీ సీటు కూడా తనే ఆక్రమించి అలిగావా అని అడుగుతోంది, ఒళ్లు మండిపోతుంటే అలగడమేమిటి, అది కాదే, మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అయితే ఆలిన్‌వన్ గైడు దొరుకుతుంది, వారం ముందు పట్టుకున్నా పాసైపోతాం, అందరం ఒకే మాట మీదుందామని మన క్లాసు సీఆర్ కూడా చెప్పాడు కదా, ఒకే మాటట, ఆఖరి ఏడాదిలోనైనా నచ్చింది చదువుకోండని యూనివర్సిటీ నాలుగు సబ్జెక్టులిస్తే అందరూ కలిసి ఒకదాని మీద పడటం, మందలో గొర్రెలైనా అప్పుడప్పుడూ పక్క చేలో తల పెడతాయి.

ప్రత్తిపాడు రోడ్డెక్కగానే రెండు వైపులా కల్లాలు, ఆరబోసిన మిరపకాయల ఘాటుకి బస్సంతా తుమ్ములు, ఆడవాళ్లు వంగి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు, ఈపాటికి అమ్మ కూడా తమ కల్లంలో కూలీలతో పాటు కూర్చుని ఏరుతుంటుంది, సాయంత్రానికి కళ్లు చింతనిప్పులు, అన్నం కలిపితే వేళ్లు మంట, రంగు చూసి వేరు చెయ్యడమేగా, కెమెరా ముందు కాయలు పోస్తే ఏది ఎరుపో ఏది తాలో కంప్యూటర్ చెప్పలేదా, ఈ మాట మొదట శివనాగరాజు సార్‌తోనే అంది, కుర్ర లెక్చరర్, ల్యాబులో ఎగిరి గంతేసినంత పని చేశాడు, భలే ఆలోచనమ్మా, ఇమేజ్ ప్రాసెసింగ్ తీసుకో, ప్రాజెక్టు కూడా ఇదే చేద్దువుగాని అని తన పుస్తకం కూడా ఇచ్చాడు, తీరా ఇవాళ హెచ్‌వోడీ నవ్వుతూ, ఒక్కదానికోసం క్లాసు పెట్టమంటావా, సరే, చెప్పడానికి మీరు సిద్ధమేనా శివనాగరాజుగారూ అని పక్కనే ఉన్న ఆయన్ని అడిగితే, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు, అసలు కోపం హెచ్‌వోడీ మీద కాదు, మాధురి మీదా కాదు, అదుగో, ముందు సీట్లో ఏమీ ఎరగనట్టు కూర్చున్న ఆ మనిషి మీద.

ఇంక ఆగలేక లేచి వెళ్లింది, బస్సంతా చూస్తోందని తెలిసినా పుస్తకం ఆయన ఒళ్లో పడేసి, ఎందుకు మాట్లాడలేదు సార్, ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది అని అడిగేసింది, ఆయన కోప్పడితే బాగుండేది, నాలుగు అనడానికి వీలుండేది, కోప్పడలేదు, ఏమనమంటావమ్మా, నాకు రాదు, ఈ పుస్తకంలో రెండో చాప్టర్ దాటలేకపోయాను అన్నాడు, మరి నన్నెందుకు తీసుకోమన్నారు, నువ్వడిగితే బయటి నుంచి ఎవరినైనా పిలిపిస్తారేమో, వెనక బెంచీలో కూర్చుని నేను కూడా విందామనుకున్నాను, నా చదువప్పుడు మా కాలేజీలో ఇదే సబ్జెక్టుకి నేనూ ఒక్కణ్నే చెయ్యెత్తాను, అప్పుడు మా సార్ కూడా ఇలాగే నిలబడ్డాడు.

పెద్ద జోకు చెప్పినట్టు నవ్వడానికి చూశాడు, నవ్వు రాలేదు, జ్యోతిర్మయి ఈయన్నేం తిడుతుంది, చదువయ్యాక దూరాలెందుకు, పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి రావచ్చు, ఇదే కాలేజీలో లెక్చరర్‌గా చేర్పిద్దాం అని నాన్న మొన్న భోజనాల దగ్గర అన్నాడు, అమ్మ సంబరపడింది, తనూ తలూపింది, అంటే రెండేళ్లలో ఏ ఊరి పిల్లో ఒక్కతే చెయ్యెత్తుతుంది, మీరు చెబుతారా జ్యోతిర్మయిగారూ అని హెచ్‌వోడీ నవ్వుతూ అడుగుతాడు, అప్పుడు ఆ పిల్ల తన వైపు ఎలా చూస్తుందో జ్యోతిర్మయికి బాగా తెలుసు, పొద్దున తను చూసింది అలాగే.