మేకు ఎక్కడుంటుంది?

సాయంత్రం యూనివర్సిటీ హాల్లో ఉత్తమ అధ్యాపకురాలి బహుమతి అందుకోవలసిన మనిషి, పొద్దున్నే ఫోను చేత్తో పట్టుకుని ప్రచార విభాగం మెట్లు చరచరా ఎక్కింది. ఆవిడ చెప్పేది బోటనీ, అందరూ పిలిచేది బోటనీ మేడమ్ అని. కోపమే రాదని ఆవిడకి పేరు. ఆ పేరు ఆ పొద్దున గంగలో కలిసింది.

ఆ విభాగంలో వీడియోలు తీసే ఆయన్ని అందరూ డైరెక్టర్ అంటారు. తీసేది కాన్వొకేషన్లూ సెమినార్లే అయినా మెడలోంచి హెడ్‌ఫోన్లు దించడు.

"ఏమిటండీ ఇది?" అని ఫోను ఆయన ముక్కు కింద పెట్టింది.

బహుమతి కమిటీకి పంపిన వీడియో అది, ఆవిడ క్లాసులో తీసింది. అందులో ఆవిడ అడుగుతుంది: "చెట్టుకి భుజమెత్తులో మేకు కొట్టాం. పదేళ్ళకి చెట్టు రెండింతలు పెరిగింది. ఇప్పుడు మేకు ఎక్కడుంటుంది?" అడగడమే ఆలస్యం, ముందు బెంచీ కుర్రాడు లేచి, "మేకు కూడా పైకి పోతుంది మేడమ్!" అంటాడు. ఆవిడ మొహం వెలిగిపోతుంది. "బాగా చెప్పావు!"

బాగా చెప్పడం ఏమిటి, నా మొహం! చెట్టు పొడుగు పెరిగేది కొసల్లో. మాను లావెక్కుతుందే తప్ప పైకి సాగదు. మేకు కొట్టినచోటే ఉంటుంది. ఆ రోజు క్లాసులో ఆ కుర్రాడితో ఆవిడ అన్నది "మళ్ళీ ఆలోచించు" అని. ఆ తర్వాత చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిడ పద్ధతే అంత. ప్రశ్న అడిగితే ఆగుతుంది, ఎంతసేపైనా సరే తను నోరు విప్పదు. అలా ఆగగా ఆగగా చివరి బెంచీ పిల్ల లేచింది. చేరిన కొత్తలో ఏదో జవాబు చెబితే క్లాసంతా పకపకా నవ్వింది, అప్పటినుంచి పెదవి కదపని పిల్ల. ఆ పిల్ల లేచి, కళ్ళారా చూసిన సంగతి చెప్పి మరీ, మేకు అక్కడే ఉంటుందని తేల్చింది. "బాగా చెప్పావు" అన్నది ఆ పిల్లని! ఈ మహానుభావుడు కోసి, తెచ్చి, తప్పు జవాబుకి అతికించాడు.

"మేడమ్, మీరు అడిగి ఊరుకున్నారు," అన్నాడు డైరెక్టర్ నింపాదిగా. "అంతసేపు చప్పుడు లేకపోతే చూసేవాళ్ళు నెట్ పోయిందనుకుంటారు. పైగా ఆ అమ్మాయి గొంతు సరిగ్గా వినబడలేదు. కుర్రాడైతే ఖంగుమన్నాడు."

"జవాబు తప్పండీ!"

"అంత లోతుగా ఎవరు చూస్తారు మేడమ్?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది ఆవిడకి. బయటికొస్తే వరండాలో ఎదురుగా ఆ పిల్లే.

"మేడమ్, సాయంత్రం మా అమ్మ కూడా వస్తోంది. షాపులో అడిగి వస్తానంది." పిల్ల మొహంలో ఎప్పుడూ లేని కళ. "నోరు విప్పని దానికి పై చదువెందుకే, నాతో పాటు బట్టల షాపుకి రా అంటోంది మేడమ్. మీరు బాగా చెప్పావన్నారంటే నమ్మలేదు. వీడియోలో చూద్దువుగాని రమ్మన్నాను."

వీడియోలో ఆ పిల్ల లేదన్న సంగతి బోటనీ మేడమ్ అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. కానీ సాయంత్రంలోగా సరిచేయించకపోతానా అన్న ధీమా ఒకటి ఏడిచింది కదా. "తప్పకుండా తీసుకురామ్మా," అని డీన్ గదికి పరిగెత్తింది.

డీన్ గారు కుర్చీ చూపించారు, టీ తెప్పించారు, మాట మాత్రం వినలేదు.

"కమిటీ ఆమోదించిన వీడియో అమ్మా. ఇప్పుడు ముట్టుకుంటే మళ్ళీ కమిటీ కూర్చోవాలి."

"కమిటీలో అందరూ ప్రొఫెసర్లే కదండీ! ఒక్కరికీ తప్పని తట్టలేదా?"

"జవాబు చూడలేదమ్మా, మీ స్పీడు చూశారు. పిల్లాడు క్షణంలో చెప్పాడు చూడండీ, అందుకే వేశారు మార్కులు." ఆయన కాస్త ముందుకు వంగారు. "పోనీ, బహుమతి వద్దంటారా? వద్దన్నా వీడియో వేస్తారు. కార్యక్రమంలో ఉంది కాబట్టి."

టీ అక్కడే వదిలేసి వచ్చేసింది.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. ముందు పరిశోధనకి ఒక ప్రొఫెసర్ గారికి బహుమతి ఇచ్చారు. ఆయన పేపర్ల పేర్లు చదివీ చదివీ అనౌన్సరుకి గొంతు పోయింది. తర్వాత వీడియో. కుర్రాడు ఖంగుమన్నాడు. తెరమీద ఆవిడ "బాగా చెప్పావు!" అంది. హాలంతా చప్పట్లు. బోటనీ మేడమ్ వెనక్కి తిరిగి చూసింది. చివరి వరసలో తల్లి కూతురివైపు చూస్తోంది, కూతురు నేలవైపు చూస్తోంది.

మైకు చేతికి రాగానే ఆగలేకపోయింది. "అందరూ వినండి. ఆ వీడియోలో జవాబు తప్పు. నేను బాగా చెప్పావన్నది వేరే అమ్మాయిని!"

హాలంతా గొల్లున నవ్వింది. "ఎంత చమత్కారమో చూడండి!" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు. అనౌన్సరు మైకు లాగేసుకుని మరోసారి చప్పట్లు కొట్టించాడు.

హాలు బయట వాళ్ళిద్దరూ కనిపించగానే బోటనీ మేడమ్ జ్ఞాపికను చంకలో ఇరికించుకుని గబగబా వెళ్ళింది. తల్లే ముందుగా అంది, "ఏమనుకోకండి మేడమ్. మీరు మెచ్చుకున్నారని మా పిల్ల ఇంట్లో గొప్పలు చెప్పుకుంది. చిన్నతనం."

"మెచ్చుకున్నది మీ అమ్మాయినేనండీ. వాళ్ళు వీడియో కోసేశారు!"

"మీ మంచితనం మేడమ్," అని తల్లి మర్యాదగా నవ్వింది. ఒక్క ముక్క నమ్మలేదు. పిల్ల కళ్ళలో నీళ్ళు నిండాయి.

ఇక చెప్పి లాభం లేదని తెలిసిపోయింది. ఆవిడ పిల్లవైపు తిరిగింది. "మేకు ఎక్కడుంటుంది?"

అడిగి ఆగింది.

"మేడమ్, ముగ్గురూ కలిసి ఒక్క ఫొటో..." అంటూ డైరెక్టర్ కెమెరాతో ఊడిపడ్డాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఆయన ఆగాడు. తల్లి ఇబ్బందిగా సంచీ సర్దుకుంది. జనం పక్కనుంచి వెళ్ళిపోతున్నారు. ఆవిడ ఇంకా ఆగింది.

"అక్కడే ఉంటుంది మేడమ్." గొంతు పీలగా వచ్చింది. "మా పెరట్లో చెట్టుకి బట్టలారేసే తీగ కట్టిన మేకుంది. చిన్నప్పుడు నాకు అందేది కాదు. ఇప్పుడు ఇక్కడికొచ్చింది," అని తన భుజం చూపించింది. "చెట్టూ పెరిగింది, నేనూ పెరిగాను. మేకు మాత్రం కదల్లేదు."

తల్లి చెయ్యి తనకు తెలియకుండానే లేచి కూతురి భుజం దగ్గర ఆగింది, రోజూ తీగ మీద బట్టలు తీసే ఎత్తులో. "అవునే," అంది. "స్టూలెక్కి పడ్డావు కూడా." తర్వాత కూతురి మొహంలోకి కాసేపు చూసింది. "అయితే ఇదేనటే నువ్వు ఆ రోజు చెప్పింది?"

పిల్ల తలాడించింది.

"బాగా చెప్పావు," అంది బోటనీ మేడమ్.

"మేడమ్, మేడమ్!" అన్నాడు డైరెక్టర్ కంగారుగా. "చాలా బాగా వచ్చింది. మళ్ళీ ఒక్కసారి అనండి, రికార్డు నొక్కలేదు."