లోపలివైపు అక్షరాలు

నాకు పెన్సిలిన్ పడదు. పడదంటే దద్దుర్లూ దురదా కాదు, ఒక్క ఇంజెక్షన్‌తో ఊపిరాడక పోతాను. అందుకే ఎనిమిదేళ్లుగా నా చేతికి స్టీలు బ్రేస్‌లెట్ ఉండేది. దాని బిళ్ళ మీద ఎర్రటి అక్షరాలతో ఆ సంగతి చెక్కి ఉండేది. అందంగా ఉండదు, నిజమే. నాకు కావలసింది ప్రాణం కాబట్టి నేనెప్పుడూ బాధపడలేదు.

బాధంతా మా అక్కది. ఆమె పదిహేనేళ్లుగా నగల దుకాణంలో పనిచేస్తోంది. చెల్లెలి చేతికి స్టీలంటే ఆమెకు తలవంపులు.

"కుక్క మెడలో బిళ్ళలా ఉందే! నలుగురూ చదివి నీకేదో రోగమనుకుంటారు" అని పోరుపెట్టి, నా పుట్టినరోజుకు బంగారంతో చేయించింది. పైన లతలూ పూలూ. అక్షరాలంటారా? భద్రంగా లోపలివైపు, చర్మానికి ఆనుకుని. నా జబ్బు సంగతి నా మణికట్టుకే తెలియదనుకుంది కాబోలు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మొహమాటపడి పెట్టుకున్నాను.

మూడు వారాలకే ఆఫీసు మెట్ల మీద జారాను. తల పగిలింది, స్పృహ తప్పింది. తర్వాతిదంతా అక్క చెప్పగా విన్నదే.

"మందులేవైనా పడవా?" అని నర్సు అడిగితే, నన్ను ఆసుపత్రికి తీసుకొచ్చిన మా మేనేజరు "అబ్బే, నిక్షేపంలా ఉంటుందండీ" అని హామీ ఇచ్చాడట. నేను జ్వరమని సెలవడిగినా నమ్మని మనిషి మరి.

ఇంతలో అక్క పరుగెత్తుకొచ్చింది. నర్సు మహా జాగ్రత్తగా నా బ్రేస్‌లెట్ ఊడదీసి, కవర్లో వేసి, అక్క చేతికిచ్చి సంతకం చేయించుకుంది. బంగారాన్ని ఎవరైనా దాచిపెడతారు గానీ చదువుతారా?

నర్సు పెన్సిలిన్ సిరంజిలోకి ఎక్కిస్తోంది. అక్క కంగారులో నాకేది పడదో కూడా మరిచిపోయి భోరున ఏడుస్తోంది. ఏడుస్తూనే, ఏ నగ చేతికొచ్చినా చేసే పనే చేసింది. తిప్పి, లోపల దుకాణం ముద్ర ఉందా లేదా అని చూసింది. ముద్ర పక్కనే అక్షరాలు కనిపించాయి. ఆ అరుపుకి నర్సు చేతిలో సిరంజి కింద పడిందట.

"చూశావా, బంగారం కాబట్టే తిప్పి చూశాను! స్టీలైతే ముట్టుకునేదాన్నా?" అంది అక్క, నేను ఇంటికొచ్చాక నలభయ్యోసారి.

"స్టీలైతే నువ్వు చూడక్కర్లేదక్కా. నర్సే చదివేది."

నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్క లేచి వెళ్ళి, సొరుగులోంచి నా పాత స్టీలుది తెచ్చింది. అక్షరాలు పైకి కనబడేలా తొడిగింది. కొక్కెం పెట్టడానికి మూడుసార్లు పట్టింది. ఈసారి ముద్ర కోసం తిప్పి చూడలేదు.