గోల్ గీతకి రెండు వేళ్ళ ఇవతల

మధ్యాహ్నం మొదలైన వాన, అమెరికన్ ఫుట్‌బాల్ ఆట చివరికొచ్చేసరికి ఆగింది కానీ, అప్పటికే ఒట్టర్‌బీ ఊరి మైదానం కలిపిన పిండిలా అయిపోయింది. గోల్ గీత కొసన వెర్నా హాలిక్ ఈలని పళ్ళ మధ్య బిగించి నిలబడింది. వారమంతా ఉత్తరాలు పంచే మనిషి, శనివారాలు రెఫరీ. ఆ పనిలోకొచ్చి ఇంకా రెండేళ్ళు నిండలేదు.

నాలుగు సెకన్లు మిగిలాయి. ఫెయిర్‌లో జట్టుకి ఇరవై పాయింట్లు, ఒట్టర్‌బీకి పదిహేడు. బంతి గోల్ గీతకి గజం దూరంలో ఉంది, ఒట్టర్‌బీకి ఇదే ఆఖరి ప్రయత్నం. బంతిని తన్ని స్తంభాల మధ్య నుంచి పంపితే మూడు పాయింట్లు, సమం. చేత్తో మోసుకుపోయి గీతకి తాకిస్తే ఆరు, గెలుపు. బురదలో తన్నే కుర్రాడు అప్పటికే రెండుసార్లు గురి తప్పాడు. కోచ్ మోసుకుపొమ్మన్నాడు.

వెర్నా గోల్ గీత వైపు చూసింది. ఆట మొదలవకముందు తనూ, పెద్ద రెఫరీ లైల్ బ్రాంటూ టేపు పట్టి కొలిచినప్పుడు ఆ గీత వెడల్పు సరిగ్గా నాలుగు అంగుళాలు. ఇప్పుడు వానకీ తొక్కుడికీ సున్నం మైదానం లోపలికి జానెడు మేర కారిపోయింది. గట్టు మీద కూర్చున్న ఊరి జనానికి తెల్లగా ఉన్నదంతా గీతే. అసలు గీత ఎక్కడ మొదలవుతుందో చెప్పేది మూలన పెట్టిన నారింజ రంగు దిమ్మె ఒక్కటే. దాని ముందంచు ఎక్కడుంటే గీత ముందంచు సరిగ్గా అక్కడే.

బంతి కదిలింది. పదిమంది ఒకరి మీద ఒకరు కుప్పకూలారు. ఆ కుప్ప అడుగున, బంతిని రొమ్ముకి హత్తుకున్న కుర్రాడి మోకాలు నేలకి తగలడం వెర్నా కళ్ళారా చూసింది. బంతి మొన తెలుపు మీదే ఉంది. దిమ్మె అంచుకి మాత్రం రెండు వేళ్ళ ఇవతల ఉంది. ఈల ఊది, పరిగెత్తి, గుర్తుగా అక్కడ పాదం ఆనించింది.

లైల్ వచ్చాడు. "చూశావా?"

"చూశాను. తగల్లేదు."

"తెలుపు మీద ఉంది కదా, వెర్నా."

"అది కారిన తెలుపు. దిమ్మెని చూడు."

లైల్ చూశాడు. గట్టు వైపు కూడా చూశాడు. "ఆ మాట మీదే ఉంటావా? ఇప్పుడే చెప్పు, తర్వాత మార్చడం కుదరదు."

ఉంటానన్నట్టు ఆమె తలూపింది. లైల్ పాయింట్లు లేవన్నట్టు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఒట్టర్‌బీ ఓడిపోయింది.

గట్టు మీంచి లేచిన రొదకి ఆమె పాదాల కింద నేల అదిరింది. "కళ్ళద్దాలు కొనిపెడతాం రావే తల్లీ!" అని ఒకడు. "నీ బండి నంబరు రాసుకున్నాం" అని ఇంకొకడు, అరవకుండా, కంచె పక్కన నిలబడి. ఆ రెండో గొంతు విన్నాక, జనం వెళ్ళిపోయిన తర్వాత కూడా ఆమె చాలాసేపు రెఫరీల గదిలోనే ఉండిపోయింది.

లైల్ ఇల్లు పడమటి వైపు, ఆమెది తూర్పు. ఒక్కతే బయల్దేరింది. ఊరు దాటిన రెండు మైళ్ళకి అద్దంలో ఒక పాత పికప్ ట్రక్కు కనిపించింది. ఆమె నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది. వేగం పెంచితే అదీ పెంచింది. ఇరుపక్కలా కోసేసిన మొక్కజొన్న మోళ్ళు తప్ప ఇల్లన్నది లేదు. పెట్రోలు బంకు రాగానే లోపల మనుషులుంటారని బండి తిప్పేసింది. బంకు మూసి ఉంది.

పికప్ వచ్చి వెనకాలే అడ్డంగా ఆగింది. ముసలాయన దిగాడు. చేతిలో ఏదో మెరిసింది. వెర్నా తలుపులు బిగించుకుని ఫోను తీసింది. ఫోను జారి కాళ్ళ దగ్గర పడింది. ఆయన అద్దం మీద తట్టాడు.

"భయపడకమ్మా. ఆట ముందు చూశావుగా నన్ను, సున్నం బండి తోస్తుంటే. ఓరిన్ స్టఫెన్‌ని. ఆ గీతలు గీసింది నేనే."

ఆమె అద్దం రెండంగుళాలు దించింది. ఆయన చేతిలో ఉన్నది కొలత టేపు.

"జనం వెళ్ళాక కొలిచాను. నీ బూటు గుంట ఇంకా ఉంది అక్కడ. గీత అంచుకి ఇవతలే."

"మరి ఆ మాట ఊళ్ళో చెప్పలేదేం?"

ఓరిన్ రోడ్డు వైపు చూశాడు. "నువ్వు వెళ్ళిపోతావు. నేను అక్కడే బతకాలి. నా మనవడు ఆ జట్టులోనే ఆడతాడు." టేపు జేబులో పెట్టుకున్నాడు. "ఇద్దరు ముగ్గురు నీ వెనకాల పోదామని అనుకోవడం విన్నాను. అందుకే వచ్చాను. పద, కౌంటీ పొలిమేర దాటేదాకా వెనకాలే ఉంటాను."

పొలిమేర బోర్డు దగ్గర ఆయన లైట్లు ఒకసారి వెలిగించి వెనక్కి తిరిగాడు. ఆమె మాత్రం ఇల్లు చేరేదాకా అద్దంలో చూస్తూనే ఉంది. సోమవారం ఉత్తరాలు వేస్తూ, వెనకాల ఏ బండి ఆగినా ఉలిక్కిపడింది.

బంకు దగ్గర ఆమె ఇచ్చిన నంబరుకి మంగళవారం ఓరిన్ ఫోన్ చేశాడు.

"చెప్పేశానమ్మా. పొద్దున మంగలి షాపులో, అందరూ ఉండగా. రెండు వేళ్ళు తక్కువని."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. ఒక్కరు కూడా. కుర్చీలోంచి లేచి వచ్చేశాను." కిటికీ తెర జరిపిన చప్పుడు వినిపించింది. "తిట్టినా బాగుండేది. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చున్నాను. మా ఇంటి ముందు నుంచి ఒకటే బండి పోవడం ఇది మూడోసారి."

"ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారా?"

"ఒక్కణ్ణే."

వెర్నా తాళంచెవి కోసం బల్ల మీద తడుముకుంది. "ఫోన్ పెట్టకండి. మాట్లాడుతూ ఉండండి. నేను బయల్దేరుతున్నాను."