లోపలి హ్యాండిల్

ఆ కారు మా షెడ్డుకి లారీ మీద వచ్చింది. దాన్ని కారు అనడానికి నోరు రాలేదు. చక్రాలు లేవు, లైట్లు లేవు, సీట్ల నిండా కోళ్ళు గుడ్లు పెట్టుకున్న గడ్డి. మా మరిది దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "వదినా, దీన్ని బాగుచెయ్యడం కన్నా కొత్తదాన్ని కనడం తేలిక" అన్నాడు.

మరిది మెకానిక్. అందరూ బోల్టు అంటారు. అదే షెడ్డులో ఒక పక్కన నేను కార్ల సీట్లు కుడతాను. అది మా ఆయన పని. ఆయన పోయాక ఆ మిషను ముందు నేను కూర్చున్నాను.

కారు పళ్ళ డాక్టరుగారిది. రెండే తలుపుల పాత బండి. దాన్ని చేసిన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. అలాంటిది ఇంకొకటి ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోయారు. అది వాళ్ళ నాన్న నడిపిన కారు. ఆయన అమ్మేస్తే చేతులు మారి మారి చివరికి ఒక కోళ్ళఫారంలో తేలింది. డాక్టరుగారు ఏళ్ళ తరబడి వెతికి అక్కడ పట్టుకున్నాడు.

"ఇదంతా మా అక్క కోసమమ్మా" అన్నాడు నాతో. "ఒక్కసారి ఎక్కి కూర్చోవే అంటే, 'పోయినవన్నీ దొరికితే కూర్చుంటా' అంది. అన్నీ అంటే అన్నీ. ఆవిడ గుండె కూడా ఈ బండి లాంటిదే, ఎప్పుడు మొరాయిస్తుందో తెలీదు. నాకు టైము లేదు."

వాళ్ళ నాన్న మాటెత్తితే చాలు, ఆయన మొహం చిన్నపిల్లాడి మొహం అయిపోయేది. "కారు ఎక్కడ ఆగినా మా నాన్న దిగి, చుట్టూ తిరిగొచ్చి, అమ్మకి తలుపు తీసి పట్టుకునేవాడు. ఏనాడూ ఆవిడ తనంతట తాను తలుపు తీసుకోలేదు. మా వీధిలో ఆడవాళ్ళంతా అది చూపించి వాళ్ళ మొగుళ్ళని దెప్పేవారట." అంతలోనే గొంతు మారేది. "అలాంటి మనిషిని, మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదట."

ఆయనకీ తండ్రి అలవాటే వచ్చింది. నేను ఆయన బండి ఎక్కినా తలుపు తీసి పట్టుకునేవాడు. మా ఆయన ఏనాడూ అలా చెయ్యలేదు. "దేవుడు రెండు చేతులిచ్చాడు కదే" అనేవాడు. అందుకని నాకు కాస్త ముచ్చటగానే ఉండేది. కాకపోతే డాక్టరుగారు తలుపు వేసేటప్పుడు మాత్రం ఢామ్మని వేసేవాడు. బోల్టు గుండె పట్టుకుని, "డాక్టరుగారూ, అది తలుపండీ, పన్ను కాదు" అనేవాడు.

పోయిన సామాన్లు ఒక్కొక్కటే దొరకసాగాయి. హెడ్‌లైటు రింగు ఒక సెలూన్‌లో అద్దానికి చట్రమై ఉంది. గేరు రాడ్డు మీది గుండు ఒక తాతగారి చేతికర్రకి తలకాయ అయి కూర్చుంది. "నేను పోయాక తీసుకోరా" అన్నాడాయన. బోల్టు ఆ వీధిలోంచి వెళ్ళినప్పుడల్లా "తాతా, ఎలా ఉన్నారు?" అని అడిగేవాడు. "ఇంకా ఉన్నానురా, పో!" అని తాత అరిచేవాడు. చివరికి నేనే టేకుతో నున్నటి గుండు చేయించి ఇస్తే, మనసు మార్చుకుని ఇచ్చాడు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం బోల్టు భోజనానికి వెళ్ళాడు. నేను సీటు కొలతలు తీసుకుందామని కారులో ఎడమవైపు కూర్చున్నాను. అది వాళ్ళమ్మ కూర్చునే చోటు. డ్రైవరు వైపు తలుపు షెడ్డు గోడకి ఆనుకుని ఉంది. నేను వంగి టేపు అందుకుంటుంటే, నా పక్క తలుపు తనంతట తానే మెల్లిగా వచ్చి మూసుకుంది.

తీద్దామని చెయ్యి పెట్టాను. హ్యాండిల్ లేదు. అద్దం దించుదామని దాని పిడి తిప్పాను. రెండు వేళ్ళ సందు ఇచ్చి ఆగిపోయింది. ఆ సందులో మణికట్టు కూడా పట్టలేదు. ఎండకి లోపలంతా ఉడికిపోతోంది. బోల్టుని పిలిచాను. బయట ఎవరూ లేరు. చెమటతో కళ్ళు మండి మూసుకున్నాను. చెయ్యి మాత్రం తలుపు మీద వెతుకుతూనే ఉంది. వెతికి వెతికి ఒకచోట ఆగింది.

అక్కడ తోలు అరిగిపోయి ఉంది. తలుపంతా బిరుసెక్కిన తోలు, అక్కడొక్కచోట పసిపిల్ల చెంపలా మెత్తగా ఉంది. నా అరచెయ్యి అందులో సరిగ్గా సరిపోయింది. నాకన్నా ముందు ఇంకో చెయ్యి ఇక్కడే వెతికింది. ఒక్కరోజు కాదు. తోలు అరిగేదాకా వెతికింది.

బోల్టు వచ్చి తలుపు తీసేసరికి నా చెయ్యి ఇంకా అక్కడే ఉంది. "ఏంటి వదినా, దయ్యాన్ని చూసినట్టున్నావు?" అన్నాడు.

"చూడలేదు" అన్నాను. "దాని చోట్లో కూర్చున్నాను."

ఆ సాయంత్రమే ఆ తలుపు లోపలి అట్ట విప్పాను. ఆ అరిగిన చోటు మధ్యలో తోలు గుండీ ఒకటి ఉంది. అది అలంకారం అనుకున్నాం ఇన్నాళ్ళూ. దాని కింద నాలుగు పలకల ఇనప మొన. హ్యాండిల్ తగిలించే మొన అది. అద్దం దిగే దారిలో ఎవరో చెక్క ముక్క బిగించారు, రెండు వేళ్ళకన్నా దిగకుండా. చివరిగా గుండీ దారం చూశాను. కన్నాల్లో మైనం పూసిన గోధుమరంగు దారం పోగులు మిగిలి ఉన్నాయి. అది పనివాడి కుట్టు. దాన్ని ఎవరో తెంపారు. తరవాత మళ్ళీ నల్లదారంతో కుట్టారు. ఈ రెండో కుట్టు సూది పట్టడం రాని చెయ్యి వేసింది. అంటే ఈ తలుపు ఒక్కసారి లోపలినుంచి తెరుచుకుంది.

మర్నాడు డాక్టరుగారికి చూపించాను.

"దీనికి హ్యాండిల్ ఉండాలండీ."

"ఉండదమ్మా" అని నవ్వాడు. "అది ఆడవాళ్ళ సీటు. పెద్దమనుషుల కార్లు అలాగే చేసేవారు. మగవాడు దిగొచ్చి తియ్యాలి."

"మరి ఈ చెక్క ముక్క?"

"దుమ్ము పడకుండా." ఈసారి నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆ చెక్క ముక్కని చేతిలో తిప్పి తిప్పి చూసి, జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. తలుపు ఢామ్మంది.

"వదినా, తేనెతుట్టె కదపకు" అన్నాడు బోల్టు. "మనకి సీట్లు కుట్టమన్నారు, సీఐడీ పని చెయ్యమనలేదు."

నేనూ ఊరుకుందామనే అనుకున్నాను. కానీ మిషను మీద కూర్చుంటే, ఆ అరిగిన చోటు నా అరచేతిలోనే ఉన్నట్టుండేది.

సీటు చట్రానికి పాత టేకు కావాలి. కొత్త కర్ర వంకరపోతుంది. అందుకని బోల్టూ నేనూ పాత కలప అమ్మే అడితికి వెళ్ళాం. కూలగొట్టిన ఇళ్ళ తలుపులు, కిటికీలు అక్కడ గోడకి వరసగా ఆనించి ఉంటాయి. ఒక సన్నటి ఒంటిరెక్క తలుపు దగ్గర బోల్టు ఆగిపోయాడు. జేబులోంచి మా కారు డ్రైవరు తలుపు లోపలి హ్యాండిల్ తీశాడు. మెరుగు పెట్టించడానికి తెచ్చుకున్నాడు. దాన్ని ఆ తలుపుకున్న హ్యాండిల్ పక్కన పెట్టాడు.

రెండూ కవల పిల్లలు. అదే ఆకు ఆకారం, అడుగున అదే ముద్ర.

"వదినా" అన్నాడు.

అడితి ఆయన్ని అడిగాను. "అదా? రైలు గేటు అవతల వీధిలో ఒక గది తలుపు. పిల్లల బట్టలు కుట్టుకుంటూ ఒకావిడ ఒంటరిగా ఉండేదట. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఆ ఇల్లు కూలగొడితే నా దగ్గరికొచ్చింది. వింత తలుపమ్మా అది. చూడండి, బయటవైపు గొళ్ళెం లేదు, గడియ లేదు. ఉన్నదంతా లోపలే."

తలుపంతా కొని హ్యాండిల్ విప్పుకున్నాం. షెడ్డుకి తెచ్చి ఆ మొనకి తగిలిస్తే, ఇల్లు చేరిన మనిషిలా కూర్చుంది. తిప్పితే గడియ టక్కుమంది. డాక్టరుగారికి ఎలా చెప్పాలో తెలియక మళ్ళీ ఊడదీసి పనిబల్ల మీద పెట్టాను.

చెప్పే అవసరం రాలేదు. ఆదివారం ఆయన అక్కగారిని తీసుకొచ్చాడు. ఎండిన పుల్లలా ఉంది ఆవిడ, చేతిలో కర్ర. మిలమిలలాడే కారు వంక చూడనైనా చూడలేదు. ఆవిడ కళ్ళు తిన్నగా పనిబల్ల మీదికి పోయాయి. వెళ్ళి హ్యాండిల్ తీసుకుని గుప్పిట్లో మూసింది.

"ఇది ఎక్కడ దొరికింది చెల్లీ?"

చెప్పాను. తలుపు సంగతి, గది సంగతి, బట్టలు కుట్టుకునే ఆవిడ సంగతి.

"గేటు అవతలా?" అంది. స్టూలు మీద కూర్చుంది. "అంత దగ్గరా?"

"ఎవరక్కా?" అన్నాడు డాక్టరుగారు. "ఎవరి సంగతి?"

"కూర్చోరా చిన్నోడా."

ఆయన కూర్చోలేదు.

"ఇది నాన్న కోటు జేబులో ఉండేది" అందావిడ. "కారు ఆపినప్పుడు అమ్మ దిగిపోకుండా తీసి దాచుకున్నాడు. దారి మధ్యలో ఎక్కడ ఆగినా దిగి తన తలుపుకి ఆనుకునే నిలబడేవాడు, గుర్తుందా? ఆ పక్కనుంచి కూడా ఎవరూ దిగలేరు. లోకానికేమో తలుపు తీసి పట్టుకునే మొగుడు."

"నీకెవరు చెప్పారు?"

"చెప్పడమేంటి? జేబులోంచి తీసి అమ్మకి ఇచ్చింది నేను. ముగ్గురం దిగుతామనుకున్నాను."

బోల్టు చేతిలో పానా కింద పెట్టేశాడు.

"రైలు గేటు వేశారు. నాన్న దిగి, అటు తిరిగి సిగరెట్ ముట్టించుకుంటున్నాడు. గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతున్నాయి. అమ్మ గుండీ దారం పళ్ళతో తెంపి, ఇది తగిలించి తలుపు తీసింది. మళ్ళీ దీన్ని ఊడదీసి కొంగులో దోపుకుంది. దిగింది. దిగి మన వైపు చూసింది. నేను లేవబోతే, ఉండమన్నట్టు చెయ్యి చూపించింది. నువ్వు నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతున్నావు. గేటు కిందనుంచి దూరి పట్టాలు దాటింది. గూడ్సు బండి వచ్చింది. ఎంత పొడుగు బండిరా అది! పోయాక చూస్తే అవతల ఎవరూ లేరు. నాన్న అమ్మ కోసం తిరిగి తిరిగి వచ్చి, ఎవరూ అడక్కూడదని ఆ గుండీ తనే కుట్టుకున్నాడు. తరవాత కారు అమ్మేశాడు."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"ఆయన మాట చెప్పేటప్పుడు నీ మొహం చూస్తే నోరు పెగలలేదురా. అమ్మే తిరిగొచ్చి చెబుతుందని కూడా అనుకున్నాను. పోయినవన్నీ దొరికితే కూర్చుంటానన్నానే, ఇదొక్కటే అడిగాను నిన్ను. ఇది దొరికితే ఆవిడ దొరుకుతుందని."

డాక్టరుగారి మొహం ఎర్రబడింది. "దిగినావిడ వెనక్కి రాలేదుగా! గేటు అవతలే ఉండి కూడా రాలేదుగా!"

"రాలేదు" అంది అక్కగారు. "అది నేనూ అడుగుతూనే ఉంటాను. కానీ ఒకటి చెబుతాను విను. దిగాక తలుపు అలా వదిలేసి పరుగెత్తొచ్చు కదా. పరుగెత్తలేదు. రెండు చేతులతో తలుపు ఆనించి, చప్పుడు కాకుండా నొక్కింది. నాన్నకి వినపడకూడదని మాత్రమే కాదు. నీ మొహం చూస్తూ నొక్కింది. నువ్వు లేస్తావని."

డాక్టరుగారు జేబులో చెయ్యి పెట్టాడు. చెక్క ముక్క బయటికి తీసి చూసి, బల్ల మీద పెట్టాడు.

అక్కగారు హ్యాండిల్ బోల్టుకి ఇచ్చింది. వాడు బిగించాడు. ఆవిడ కర్ర నాకిచ్చి, వాళ్ళమ్మ కూర్చున్న చోట కూర్చుని తలుపు వేసుకుంది. అద్దంలోంచి ఆవిడ చెయ్యి కనిపిస్తోంది. హ్యాండిల్ పట్టుకోలేదు. ముందు ఆ అరిగిన చోట పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

చాలాసేపైంది. ఆవిడ గుండె సంగతి గుర్తొచ్చి నాకు భయమేసింది. డాక్టరుగారికీ అదే తోచినట్టుంది. అలవాటు ప్రకారం చుట్టూ తిరిగి వెళ్ళి బయటి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. లోపలినుంచి ఆవిడ కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపింది. ఆయన చెయ్యి తీసేశాడు. వెనక్కి జరిగాడు.

టక్కుమంది. తలుపు తెరుచుకుంది. అక్కగారు దిగి, నా చేతిలోంచి కర్ర తీసుకుని, వెనక్కి చూడకుండా వెలుతురులోకి నడిచింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. డాక్టరుగారు దాని ముందు నిలబడ్డాడు. ఢామ్మంటుందని బోల్టు కళ్ళు మూసుకున్నాడు. ఆయన రెండు అరచేతులూ తలుపుకి ఆనించాడు. లోపల ఎవరో పడుకున్నట్టు ఆ ఖాళీ సీటు వైపే చూస్తూ, మెల్లిగా నొక్కాడు.

చప్పుడు కాలేదు.