వెళ్లేటప్పుడే ఆగే కారు

ఇంకొక్కసారి కారు ఆగితే మా ఆయన కుర్చీ వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. సిస్టర్ లిటియా ఆ మాట చెప్పి ఫోన్ పెట్టేసింది.

కుర్చీ అంటే లౌతోకా ఆస్పత్రిలో రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కనుండే కుర్చీ. బిసున్ కిడ్నీలు రెండూ పోయి ఏడాది దాటింది. సోమ, బుధ, శుక్రవారాలు ఆ కుర్చీలో కూర్చుంటేనే మనిషి మిగులుతాడు. దాని కోసం కాచుకున్నవాళ్ల వరస పెద్దది. రానివాడి కోసం కుర్చీ ఖాళీగా ఎందుకుంచుతారు?

మేం మానలేదు. కారు ఆగింది. రెండుసార్లు.

అంతకుముందు మా ఊరు తవువా నుంచి బస్సులోనే వెళ్లొచ్చేవాళ్లం. ఒకరోజు తిరిగొస్తూ ఆయన బస్సు మెట్టు మీదే కుప్పకూలాడు. ఆ వారమే కారు కొన్నాను. అమ్మింది రెండిళ్ల అవతల ఉండే సేవానాయా. తలుపుకి అడ్డం నిలబడితే లోపలికి వెలుతురు రాదు, అంత మనిషి. చర్చిలో పెద్ద. బిసున్‌ని 'బావా' అంటాడు, నన్ను 'చెల్లెమ్మా' అంటాడు. జపాన్‌లో ఒకళ్లు వాడి వదిలేసిన ఆ తెల్ల కారుకి నేనో ధర చెబితే, బేరమైనా ఆడకుండా తాళాలు నా చేతిలో పెట్టాడు.

అప్పుడే అనుమానించాల్సింది.

మొదటిసారి చెరకు రైలు పట్టాలు దాటగానే ఆగింది. ఇంజిన్ ఒకసారి దగ్గి ఊరుకుంది. తాళం తిప్పితే గరగరమంటుంది తప్ప అందుకోదు. ఏదైనా బండి ఆపుదామంటే బిసున్ ఒప్పుకోలేదు.

"చెరకు లారీ ఎక్కి పోవడానికి నేనేమైనా చెరుకునా? దామూకి ఫోన్ చెయ్యి."

మెకానిక్ దామూ వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. బానెట్ ఎత్తి చూశాడు, దించాడు, తాళం తిప్పాడు. కారు హాయిగా స్టార్టయింది.

"ఏమైంది దామూ?"

"ఏం కాలేదక్కా."

"ఏం కాకపోతే ఎందుకాగింది?"

"నన్ను చూడగానే బుద్ధొచ్చింది. నా మొహం అలాంటిది. మా ఇంట్లో పిల్లలు కూడా అంతే."

రెండోసారి బా ఊరికి ముందున్న ఎత్తులో ఆగింది. మళ్లీ అదే దగ్గు, అదే దామూ, అదే జోకు. ఆ మర్నాడు మధ్యాహ్నం బిసున్‌కి ఊపిరి అందలేదు. పడుకుంటే ఒంట్లో నీరు గుండెల మీదికొచ్చి, గోడకి ఆనుకుని కూర్చుని ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచాడు. టాక్సీలో పరుగెత్తించి బతికించుకున్నాను. తర్వాతే సిస్టర్ లిటియా ఫోన్.

కారు మీద నమ్మకం పోయింది. పోయినా టాక్సీకి వారానికి మూడుసార్లు ఇచ్చుకునే తాహతు లేదు. ఆ కారులోనే వెళ్లాలి, అది ఆగకూడదు. కాబట్టి దాని రోగమేమిటో ముందు తేలాలి.

టాక్సీ స్టాండుకి వెళ్లి అడిగాను. అలాంటి కార్లే అక్కడ సగం ఉన్నాయి.

"ఆ ఇంజినా? మనల్ని పాతిపెట్టాక కూడా తిరుగుతుందొదినా," అన్నాడు ఒకడు.

"మా బావమరిదిది కూడా ఇలాగే ఆగేది," అన్నాడు ఇంకొకడు. "ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ఆఖరికి కాలిపోయింది."

"వాడు బానెట్ కింద కోడిని పొదగేస్తే కాలదా మరి?"

అందరూ నవ్వారు. నాకేం తేలలేదు.

సేవానాయా కంటే ముందు ఆ కారు ఎవరిదో కనుక్కుని ఫోన్ చేశాను. బా ఊళ్లో పిల్లలకి చదువు చెప్పి రిటైరైన సైరున్ టీచర్. నిర్మొహమాటం మనిషి.

"డిక్కీ రెండుసార్లు కొడితే గానీ పడదు. వానొస్తే వెనక అద్దం దగ్గర తడుస్తుంది. హారన్ దానికి ఇష్టమైనప్పుడు మోగుతుంది. ఇంజిన్ మాత్రం నన్నెప్పుడూ నడిరోడ్డు మీద వదల్లేదమ్మా. ఒకే ఒక్కసారి ఆగింది, పెట్రోల్ పోయించడం నేను మర్చిపోయాను."

"మరి నాకెందుకు ఆగుతోంది టీచర్?"

"వెళ్లేటప్పుడా, వచ్చేటప్పుడా?"

ఆలోచించాను. "రెండుసార్లూ వెళ్లేటప్పుడే."

"అయితే తెలివైన కారే. ఆస్పత్రంటే నాకూ అంతే."

ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంజిన్‌కి లౌతోకా ఎటుందో, తవువా ఎటుందో తెలీదు. తెలిసినవాళ్లెవరో దాని మీద చెయ్యి వేస్తున్నారు.

రెండుసార్లూ బుధవారమే ఆగింది. బుధవారానికి ముందు మంగళవారం. ఆ సాయంత్రం నేను రామాయణ మండలికి వెళ్తాను, ఇంట్లో ఉండను. కారు వాకిట్లో ఉంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండోసారి కారు ఆగడానికి ముందు రోజు మండలి తొందరగా ముగిసింది. నేను గేటు తీస్తుంటే మా పెరట్లోంచి సేవానాయా వస్తున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. చొక్కా కింద ఏదో పొట్లం, దాన్ని చేత్తో అదిమి పట్టుకున్నాడు.

"ఏంటన్నా?"

"ఏం లేదు చెల్లెమ్మా. బావ ఎలా ఉన్నాడో చూద్దామని." ఆగకుండా వెళ్లిపోయాడు. మామూలుగా మాటలు మొదలెడితే ఆపని మనిషి.

చొక్కా కింద ఏముంటుంది? పానా? కారులోంచి తీసిన సామానా? నేను విసిగిపోయి కారుని సగం ధరకి వెనక్కిచ్చేస్తానని లెక్క వేసుకున్నాడా? దామూ కూడా వాడి మనిషే, ఇద్దరూ ఒకప్పుడు ఒకే రగ్బీ జట్టు. 'ఏం కాలేదక్కా' అనడం తేలికే.

బిసున్‌తో చెబితే కొట్టిపారేశాడు. "సేవానాయా దొంగా? వాడికి అబద్ధమాడ్డమే రాదు. పిచ్చి అనుమానాలు పెట్టుకోకు."

"మరి కారెందుకాగుతోంది? నువ్వు మిల్లులో ముప్పై ఏళ్లు కరెంటు పని చేశావు. నీకైనా తెలియదా?"

"మిల్లు వేరు, కారు వేరు," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం ఒక్కదాన్నే కారు తీశాను. రాకిరాకి దాకా వెళ్లి వచ్చాను. పట్టాల మీద దూకించాను, ఎత్తుల్లో కావాలని ఆపి తీశాను. చిన్న దగ్గు కూడా దగ్గలేదు. సోమవారం ఆస్పత్రికి కూడా వెళ్లొచ్చాం. ఆగలేదు.

మంగళవారం సాయంత్రం మండలికి వెళ్లేముందు కారుకి తాళం వేసి, బానెట్‌ని బంపర్‌కి గొలుసుతో బిగించి, తాళంచెవులు రెండూ కొంగున కట్టుకున్నాను. రానీ, ఎవడొస్తాడో.

అంతటితో ఊరుకోలేదు. బుధవారం పొద్దున్నే సేవానాయా గుమ్మం ముందు నిలబడ్డాను.

"అన్నా, ఇవాళ నువ్వు కూడా లౌతోకా రావాలి."

"నేనా? ఎందుకు చెల్లెమ్మా?"

"ఆగితే తొయ్యడానికి. అమ్మినవాడివి కదా."

ఆయన మొహంలో రంగు మారింది. "తొయ్యాలంటే మనుషులు కావాలి..."

"నువ్వొక్కడివే నలుగురి పెట్టు. ఎక్కు."

దొంగ పక్కనే కూర్చుంటే దొంగతనం జరగదు. నా ఎత్తు అంతే.

వాకిట్లో సేవానాయాని చూసి బిసున్ మొహం మాడిపోయింది. "వీడెందుకు? వీడి బరువుకే కారు ఆగిపోతుంది." అని ముందు తలుపు పిడి పట్టుకున్నాడు.

"నువ్వు వెనక కూర్చో. అన్న కాళ్లు వెనక పట్టవు."

"అది నా సీటు."

"సింహాసనమా? కూర్చోవయ్యా, ఆలస్యమవుతోంది."

చివరికి గొణుక్కుంటూ వెనక్కెక్కాడు. పాదాలు చూశాను. చెప్పుల పట్టీ చర్మంలోకి దిగిపోయింది. సోమవారమేగా నీరు తీశారు? ఇంతలో ఇంత వాపు ఎక్కడిది?

పట్టాలు దాటాం. కారు ఆగలేదు. సేవానాయా మోకాళ్లు ముడుచుకుని రోడ్డు తప్ప ఇంకేమీ చూడడం లేదు. నుదుటి మీద చెమట.

బా ముందు ఎత్తు మొదలైంది. వెనక నుంచి బిసున్ ముందుకి వంగాడు.

"బావా, నువ్వు వెనక్కి రా. నాకు వెనక తిప్పుతోంది."

సేవానాయా సీటు అంచు పట్టుకున్నాడు.

"పర్మిలా, కాస్త ఆపు. ఒంటికి వెళ్లాలి."

నా కాలు బ్రేకు మీదకి వెళ్లబోయి ఆగింది.

"ఏమన్నావు?"

"ఒంటికి..."

"కిడ్నీలు పోయాక నీకు ఒంటికి రావడమే మానేసింది కదయ్యా."

సేవానాయా పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడు.

మలుపులో చెరకు లారీ ఎదురొచ్చింది. గట్టిగా బ్రేకు వేశాను. సేవానాయా మోకాలు తలుపు వైపున్న ప్లాస్టిక్ మూతకి కొట్టుకుంది. మూత ఊడి ఆయన పాదాల మీద పడింది. లోపల రంగు రంగుల ఫ్యూజులు వరసగా కనబడ్డాయి.

సేవానాయా మూత తీసి చూశాడు. "దీనికి స్క్రూ ఉండాలే. నేనమ్మినప్పుడు ఉంది."

నేను కరెంటు పనివాడి పెళ్లాన్ని. ఫ్యూజంటే ఏమిటో నాకు చెప్పక్కర్లేదు. ఒకటి లాగితే పెట్రోల్ పంపు ఆగుతుంది. తిరిగి పెడితే, దామూ మొహం చూసి బుద్ధొచ్చినట్టు స్టార్టవుతుంది. మొదటిసారి కారు ఆగేముందు పట్టాల దగ్గర బిసున్ వంగి చెప్పు సరిచేసుకున్నాడు. రెండోసారి ఎత్తులో మోకాలు గోక్కున్నాడు. రెండుసార్లూ పక్కనే ఉన్నాను. బానెట్‌కి గొలుసు వేసిన నా తెలివిని తగలెయ్య!

అద్దంలో చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"చావాలనుందా నీకు?"

"లేదు!" గట్టిగా అరిచాడు. "బతకాలనే!"

"బతకాలనుకునేవాడు ఆస్పత్రికి వెళ్లే కారుని ఆపుతాడా?"

సేవానాయా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, పాపంలో సగం నాది. మంగళవారాలు నువ్వు మండలికి వెళ్లాక పెరట్లో కూర్చునేవాళ్లం. నంగోనా కలుపుకుని."

అయితే చొక్కా కింద పొట్లం పానా కాదు. నంగోనా చెట్టు వేళ్ల పొడి, నీళ్లలో కలుపుకుని తాగితే మత్తిచ్చేది.

"ఎంత తాగారు?"

"ఒక గిన్నె."

"తాగే కొబ్బరిచిప్పెడా, కలిపే గిన్నెడా?"

"గిన్నెడు. ఇద్దరం కలిసి." ఇంకాస్త గొంతు తగ్గించాడు. "ఒక్కోసారి మళ్లీ కలిపేవాళ్లం. నిన్న కూడా."

మందులతో కలిపి రోజుకి రెండు గ్లాసుల నీళ్లు దాటకూడని మనిషి! నాలుక ఎండిపోతుంటే మంచు ముక్క చప్పరించి ఊరుకునేలా నేను కాపలా కాస్తున్న మనిషి!

"నాకిప్పటిదాకా ఒక్క మాట చెప్పలేదేం అన్నా?"

"బావ ఒట్టేయించుకున్నాడు. ఫ్యూజుల సంగతి మాత్రం దేవుడి సాక్షిగా నాకు తెలీదు. తెలిస్తే నేనే మోసుకెళ్లి ఆస్పత్రిలో పడేసేవాణ్ణి."

అప్పుడు బిసున్ మాట్లాడాడు, కిటికీతో మాట్లాడినట్టు. "ఆ లిటియా తూకానికి భయపడి. కిందటి నెలలో బరువెక్కువున్నానని అందరి ముందూ అరిచింది. ఇంకోసారి ఇలా వస్తే నా కుర్చీ ఇంకొకళ్లకి ఇచ్చేస్తానంది. తాగిన మర్నాడు తూకమెక్కితే దొరికిపోతాను. బుధవారం తప్పించుకుంటే, శుక్రవారానికి తగ్గుతుందనుకున్నా."

"నీళ్లు ఎక్కడికి పోతాయనుకున్నావు?"

"చెమటకి."

యాక్సిలరేటర్ మీద కాలు వేశాను.

లౌతోకాలో తూకం దగ్గర సిస్టర్ లిటియా నిలబడి ఉంది. బిసున్ చెప్పులు విప్పి ఎక్కాడు. ఆవిడ అంకె చూసింది, ఆయన్ని చూసింది. నేను నోరు తెరవబోయాను. ఆయనే ముందు చెప్పాడు.

"నంగోనా తాగాను సిస్టర్. మానేసిన రెండు రోజులూ కూడా అందుకే. కారు మంచిదే."

పక్క కుర్చీల్లోవాళ్లు కళ్లు తెరిచారు. ఇక కుర్చీ పోయిందనుకున్నాను.

"బిసున్ అంకుల్," అంది ఆవిడ నెమ్మదిగా. "బరువెక్కితే కుర్చీ తీసేస్తానన్నది బెదిరింపు. రాకపోతే తీసేస్తానన్నది నిజం. ఆ మాత్రం తేడా తెలియదా మీకు? తాగి వస్తే తిడతాను, నీళ్లు తీసి పంపిస్తాను. రాకపోతే నేనేం తియ్యగలను? పదండి, కూర్చోండి. ఇవాళ ఎక్కువసేపు పడుతుంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, అప్పుడు నన్ను తిట్టుకోకండి."

సూదులు గుచ్చారు. గొట్టంలో రక్తం ఎక్కింది. యంత్రం తిరగడం మొదలెట్టింది. బయట వరండాలో బెంచీ మొత్తం ఆక్రమించి సేవానాయా నిద్రపోయాడు.

నేను బిసున్ పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"తాగాలని కాదు," అన్నాడు. "మిల్లు మానేశాక నన్నెవరూ పిలవడం లేదు. రోగిష్టివాణ్ణి ఏం పిలుస్తారు? చిప్ప నా చేతికొచ్చి, నేను తాగగానే ఎదుటివాడు చప్పట్లు కొడితే మనుషుల్లో ఉన్నట్టుంటుంది. ఇకమీదట బావ వస్తే ఊరికే కూర్చుంటాను. చప్పట్లు కొడతాను. తాగను."

కళ్లలోకి చూశాను. అబద్ధమేమో. ఆ కళ్లే కదా చెప్పు సరిచేసుకుంటూ నన్ను చూసినవి.

"కూర్చో. నీ పక్కన నేను కూడా కూర్చుంటాను."

"నువ్వా? ఎందుకు?"

"నీ వంతు చిప్ప వచ్చినప్పుడు దాన్ని ఎవరో ఒకరు తాగాలి కదా."

"నీకు ఆ వాసనే పడదు కదే!"

"ముక్కు మూసుకుంటాను."

ఆయనకి నవ్వు ఆగలేదు. చెయ్యి కదిలి యంత్రం కుయ్యిమని మొత్తుకుంది.

"అంకుల్! కదలకండి!" అని సిస్టర్ లిటియా అటువైపు నుంచి పరుగెత్తుకొచ్చింది.