పోస్టరు మీద అడుగు పేరు

టెక్కలిలో గుమాస్తాగిరీ చేసుకునే శ్యాంసుందర్‌కి ఒక్కటే కోరిక: నాటక రచయితగా తన పేరు జిల్లా దాటాలి. ఏటా పరిషత్తు పోటీలకు ఒక నాటిక రాసేవాడు. పేరు మాత్రం నరసన్నపేట దగ్గరే ఆగిపోయేది.

అలాంటిది 2004లో బెర్లిన్ నుంచి నెర్మిన్ అనే రచయిత్రి పలాసలో దిగింది. తల్లిదండ్రులు టర్కీ నుంచి జర్మనీకి కూలికి వలసపోతే ఆవిడ అక్కడే పుట్టింది. ఇక్కడి రచయితతో కలిసి జీడిపప్పు పనివాళ్ల మీద నాటకం రాయాలట. ఎవరో శ్యాంసుందర్ పేరు చెప్పారు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని పొంగిపోయాడు.

మొదటిరోజే ఆవిడ ఇంగ్లీషులో గోడు వెళ్లబోసుకుంది. "నేను ప్రేమకథ రాస్తే అక్కడ ఎవరికీ అక్కర్లేదు. 'మీ నాన్న ఫ్యాక్టరీ కష్టాలు రాయి' అంటారు. మా దగ్గర్నుంచి వాళ్లకు కావలసింది కన్నీళ్లే."

శ్యాంసుందర్‌కి నిజంగానే జాలేసింది. ఆ చనువుతో తన కొత్త హాస్యనాటిక వినిపించాడు. పెళ్లివారి బస్సు దారితప్పి నందిగాం చేరుతుంది, అందరూ ఎవరి పెళ్లిలోనో భోంచేసి కూర్చుంటారు.

"బాగుంది. కానీ జీడిపిక్కలు కొట్టి చేతులు నల్లబడిన ఆడవాళ్లేరీ? మీ బాధ ఏదీ?" అంది నెర్మిన్.

"మిమ్మల్ని వాళ్లడిగిందే మీరు నన్నడుగుతున్నారు గదండీ!"

"అద్భుతం! ఈ మాట నాటకంలో పెడదాం" అని గబగబా రాసుకుంది.

మరుసటి ఏడు ఇద్దరూ కలిసి రాసిన ఆ నాటకం పోస్టరు బెర్లిన్ నుంచి వచ్చింది. పైన బారెడు అక్షరాల్లో రచయిత్రి పేరు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో జర్మన్‌లో ఇంకో వరుస. దాని అర్థం నెర్మినే మురిపెంగా పక్కన ఇంగ్లీషులో రాసి పంపింది: 'అనుభవాలు అందించినవారు: శ్యాంసుందర్'.

ఒళ్లు మండి దాన్ని తన నాటిక రిహార్సల్‌కి పట్టుకెళ్లాడు. "సూడు సూర్యకుమారీ! సగం నాటకం నాది. నన్నేటి సేసినాదో సూడు!"

సూర్యకుమారి అతని ప్రతి నాటికలోనూ హాస్యపాత్ర వేసే మనిషి. స్టేజీ ఎక్కాక అతని డైలాగుకి తన మాటొకటి తగిలించేది. జనం నవ్వేది ఆ మాటకే. మరుసటి ఆటకి ఆ మాట శ్యాంసుందర్ రాతలో చేరిపోయేది.

"నయమే బావా, నీ పేరు అడుగునన్నా ఏసినాది. ఇన్నేళ్లూ జనం నవ్విన మాటలు ఎవలివి? మన కరపత్రంలో నాకేటి రాసినావు?" అంది.

శ్యాంసుందర్‌కి సిగ్గేసింది. మంచివాడే మరి. పెళ్లివారి బస్సు నాటికకు కొత్త కరపత్రం అచ్చువేయించాడు. పైన 'రచన: శ్యాంసుందర్'. అడుగున 'సహకారం: సూర్యకుమారి'. తనంత ధర్మాత్ముడు ఉద్దానంలో లేడనుకున్నాడు.

జలంత్రకోటలో మొదటి ఆట. శ్రీకాకుళం నుంచి పరిషత్తువాళ్లు కూడా వచ్చారు. సూర్యకుమారి ప్రతి డైలాగూ పొల్లుపోకుండా చెప్పింది. ఒక్కరూ నవ్వలేదు. పరిషత్తువాళ్లు సగంలోనే లేచి వెళ్లిపోయారు.

తెర పడగానే శ్యాంసుందర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏటిది సూర్యకుమారీ? ఒక్క మాటైనా కలపలేదేటి?"

ఆవిడ తాపీగా రంగు తుడుచుకుంది. "రచన నీది గదా బావా. నువ్వు రాసినట్టే సెప్పి సహకరించినాను."